చవక ఆటోమాటిక్ వాచీలు: టైమ్ విషయంలో ఏది మేలు?

బ్యాటరీ లేకుండా చేతి కదలికతో నడిచే ఆటోమాటిక్ వాచీ కొన్న మొదటి వారం అందరం చేసే పని ఒకటే. పొద్దున్నే ఫోను పక్కన పెట్టుకుని సెకండ్ల ముల్లు ఎక్కడుందో చూడటం. రెండో రోజుకి పన్నెండు సెకండ్లు ముందుంటుంది, మూడో రోజుకి పాతిక. ఇంకేముంది, "పాతిక వేలు పోసి కొంటే ఇదేం ఖర్మ" అని మొదలవుతుంది. నిజమే, కాసియో ఎఫ్-91డబ్ల్యూ లాంటి ప్లాస్టిక్ వాచీ నెలంతా కలిపి 30 సెకండ్లకి మించి తప్పదు. టైమ్ ఒక్కటే కావాలంటే అది కొనుక్కుని హాయిగా ఉండొచ్చు.

ఆ కాసియో లాంటి బ్యాటరీ వాచీలో, అంటే క్వార్ట్జ్ వాచీలో, స్ఫటికం సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. చవక ఆటోమాటిక్‌లో అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం కొట్టేది సెకనుకి ఆరు దెబ్బలు, అంటే గంటకి 21,600. రోజుకి 86,400 సెకండ్లు కాబట్టి పది సెకండ్లు తప్పిందంటే దాదాపు పదివేలకి ఒకటి చొప్పున తప్పినట్టు. వెంట్రుక లాంటి స్ప్రింగు, చేయి ఊపితే తిరిగే బరువు, కాస్త నూనె, వీటితో ఆ మాత్రం నడవడం నాకైతే గొప్పే అనిపిస్తుంది.

ఇక పోలికలోకి వద్దాం. ముప్పై వేల లోపు కొనేవాళ్ళకి ఎదురయ్యే వాచీ లోపలి యంత్రాలు ముఖ్యంగా మూడు. సీకో 5 స్పోర్ట్స్‌లో ఉండే 4ఆర్36. దాని అన్నదమ్ముడు ఎన్‌హెచ్35ని చిన్నాచితకా బ్రాండ్లు కొని తమ వాచీల్లో పెట్టుకుంటాయి. రెండోది సిటిజన్ వాళ్ళ మియోటా 8215. హెచ్‌ఎమ్‌టీ 1961లో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది ఈ సిటిజన్ సాయంతోనే, కాబట్టి మన నాన్నల కాలం నుంచే ఈ ఇంటితో మనకి చుట్టరికం ఉంది. మూడోది ఓరియంట్ ఎఫ్6922. ఓరియంట్ ఇప్పుడు సీకో ఎప్సన్ చేతిలో ఉంది.

కంపెనీలు కాగితం మీద ఒప్పుకునే తేడా చూడండి. సీకో 4ఆర్36 రోజుకి 45 సెకండ్లు ముందుకి, 35 సెకండ్లు వెనక్కి. ఎన్‌హెచ్35, మియోటా 8215 రెండూ 40 ముందుకి, 20 వెనక్కి. ఓరియంట్ 25 ముందుకి, 15 వెనక్కి. కాగితం ప్రకారమైతే ఓరియంట్‌దే గెలుపు, మాట్లాడక్కర్లేదు.

కానీ ఆ అంకెలు హద్దులే, సగటు కాదు. ఈ హద్దు దాటితేనే వారంటీ కింద చూస్తాం అని దాని అర్థం. 45 సెకండ్లు రాసుకున్న సీకో మీ చేతికి వచ్చేసరికి రోజుకి ఐదో పదో ముందుకి నడుస్తూ ఉండొచ్చు. ఒకే పెట్టెలోంచి తీసిన రెండు వాచీలు రెండు రకాలుగా నడవొచ్చు కూడా. అందుకని నేను అడిగే ప్రశ్న వేరు: ఎంత తప్పుతోంది అని కాదు, రోజూ ఒకేలా తప్పుతోందా అని. రోజూ ఖచ్చితంగా పద్నాలుగు సెకండ్లు ముందుకి పోయే వాచీని రిపేరు షాపులో ఐదు నిమిషాల్లో దారికి తేవచ్చు. ఇవాళ పది ముందుకి, రేపు పన్నెండు వెనక్కి పోయేదాన్ని బాగుచేయడం అంత తేలిక కాదు. వారం చివర లెక్కేస్తే రెండోదే సరిగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది, అక్కడే మోసపోతాం.

ఈ నిలకడకి సగం కారణం వాచీని నడిపించే పెద్ద స్ప్రింగు ఎంత చుట్టుకుని నిండి ఉంది అన్నది. స్ప్రింగు వదులయ్యే కొద్దీ బ్యాలెన్స్ చక్రం ఊపు తగ్గుతుంది, ఊపు తగ్గితే నడక మారుతుంది. ఇక్కడ మియోటా 8215 కాస్త వెనకబడుతుంది. దాని రోటరు, అంటే చేయి ఊపితే తిరిగే బరువు, ఒక్క వైపు తిరిగితేనే స్ప్రింగు చుట్టుకుంటుంది, రెండో వైపు ఊరికే గిర్రున తిరుగుతుంది. చేయి విదిలిస్తే లోపల ఏదో బొంగరం తిరిగినట్టు మణికట్టుకి తెలుస్తుంది. సీకోలో 1959 నుంచి వస్తున్న మ్యాజిక్ లివర్ ఉంది, ఎటు తిప్పినా చుట్టేస్తుంది. పొద్దస్తమానం కీబోర్డు ముందు కూర్చునే ఉద్యోగమైతే ఈ తేడా చిన్నది కాదు. మూడు యంత్రాలకీ చేత్తో కీ ఇవ్వొచ్చు కాబట్టి, మియోటా ఉన్నవాళ్ళు పొద్దున్నే ఒక ఇరవై చుట్లు ఇచ్చుకుంటే సరిపోతుంది.

మియోటాకి ఇంకో అలవాటుంది. సెకండ్ల ముల్లు ఒక్కోసారి క్షణం తటపటాయించి, గబుక్కున ముందుకి జరుగుతుంది. ముల్లుని తిప్పే చక్రం అసలు దారిలో కాకుండా పక్కన ఉండటం వల్ల వచ్చే తంటా అది. టైమ్ ఏమీ తప్పదు, కంగారు పడక్కర్లేదు. పాత 8215లో కీ లాగినా ఆ ముల్లు ఆగేది కాదు, ఈమధ్య వస్తున్నవాటిలో ఆగుతోంది. సెకండ్లతో సహా టైమ్ పెట్టుకోవాలంటే ముల్లు ఆగాలి మరి. సెకండ్ హ్యాండ్ సీకో 5 కొంటుంటే ఇది చూసుకోండి: 1996 నుంచి వచ్చిన 7ఎస్26 యంత్రంలో ముల్లు ఆగదు, చేత్తో కీ కూడా ఎక్కదు.

దారికి తేవడం అన్నాను కదా, అదెలాగో చెప్తాను. నా వాచీ ఒకటి ఉన్నట్టుండి రోజుకి నాలుగు నిమిషాలు ముందుకి పోవడం మొదలెట్టింది. సెకండ్లు కాదు, నిమిషాలు. యంత్రం పోయిందనుకుని రిపేరు షాపుకి పట్టుకెళ్ళాను. ఆయన మూత కూడా తీయలేదు. సొరుగులోంచి చిన్న దిక్సూచి తీసి వాచీ పక్కన పెట్టాడు, ముల్లు గిలగిల్లాడింది. "మీ ఫోను కవరుకి అయస్కాంతం ఉందా సార్?" అన్నాడు. ఉంది. రాత్రుళ్ళు వాచీని ఆ కవరు మీదే పెట్టి పడుకునేవాణ్ణి. బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే ఆ వెంట్రుక లాంటి హెయిర్‌స్ప్రింగుకి అయస్కాంతం పట్టి, దాని చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే స్ప్రింగు పొట్టిదైనట్టే, వాచీ పరుగందుకుంటుంది. అయస్కాంతం వదిలించే నీలం రంగు డబ్బా మీద పెట్టి, బటన్ నొక్కి, మెల్లగా పైకి లేపాడు. అంతే, అయిపోయింది.

ఆ తర్వాత మైకు లాంటి స్టాండు మీద వాచీని బిగించి, దాని టిక్కులు విని నడక కొలిచే టైమ్‌గ్రాఫర్ చూపించాడు. తెర మీద చుక్కలు వరసగా పడుతూ రెండు గీతలవుతాయి. గీత పైకి పోతే ముందుకి, కిందకి దిగితే వెనక్కి. డయల్ పైకి పెడితే ఒక లెక్క, కీ కింది వైపుకి ఉండేలా నిలబెడితే ఇంకో లెక్క. పడుకోబెట్టినప్పుడు బ్యాలెన్స్ ఇరుసు మొన మీద తిరుగుతుంది, నిలబెడితే ఇరుసు పక్కలు రాసుకుంటాయి, ఊపు తగ్గుతుంది. ఈ భంగిమల మధ్య తేడా ఎంత తక్కువుంటే వాచీ అంత మంచిది.

వెనక మూత తెరిచి చూస్తే సీకోలో బ్యాలెన్స్ దగ్గర రెండు బుల్లి లివర్లుంటాయి. ఒకటి వేగం మారుస్తుంది, రెండోది టిక్కుకీ టాక్కుకీ మధ్య ఎడం మారుస్తుంది. వీడియో చూసి ఇంట్లో టూత్‌పిక్‌తో కెలికేవాళ్ళు రెండోదాన్ని కదిపేసి లబోదిబోమంటారు. దయచేసి ఆ పని పెట్టుకోవద్దు. సీకో యంత్రాలు తెలియని మెకానిక్ మన ఊళ్ళలో అరుదు. కాగితం మీద ఓడిపోయిన సీకోని నేను పక్కన పెట్టలేకపోవడానికి కారణం ఇదే.

కాస్త ఎక్కువ పెట్టగలిగితే? టిసో లాంటి వాటిలో వచ్చే పవర్‌మాటిక్ 80 ఉంది, పైవాటి ధరకి రెట్టింపు పైమాటే. ఒకసారి నిండితే 80 గంటలు నడుస్తుంది. శుక్రవారం రాత్రి తీసి పక్కన పెడితే సోమవారం పొద్దున ఆఫీసుకి వెళ్ళేటప్పుడు ఇంకా నడుస్తూనే ఉంటుంది. పైవేమో దాదాపు 40 గంటలకే ఆగిపోతాయి. అయితే దాంట్లో వేగం మార్చే మామూలు రెగ్యులేటర్ లివర్ ఉండదు, వీధి చివర షాపులో సరిచేయించుకోవడం కుదరకపోవచ్చు. టిసో ఉన్న స్వాచ్ గ్రూపు వాళ్ళదే స్వాచ్ సిస్టమ్51 ఇంకా మొండిది: 51 భాగాలు, 90 గంటలు, ఫ్యాక్టరీలో లేజరుతో సరిచేసి మూసేస్తారు, పాడైతే విప్పే పనే లేదు.

నన్నడిగితే, ఒకే వాచీ రోజూ పెట్టుకునేవాళ్ళకి ఓరియంట్. రెండు మూడు మార్చి మార్చి పెట్టుకునేవాళ్ళు డబ్బుంటే పవర్‌మాటిక్ వైపు చూడొచ్చు. పదేళ్ళు ఉంచుకుని మధ్యలో మన ఊళ్ళోనే సర్వీసు చేయించుకోవాలనుకుంటే సీకో. మియోటా 8215ని డిజైను నచ్చితే తీసుకోండి, టైమ్ కోసం వెతుక్కుంటూ వెళ్ళి తీసుకోవద్దు. ఆ కంపెనీదే 9015 ఉన్న వాచీ అందుబాటు ధరలో దొరికితే మాత్రం వదలకండి. అది గంటకి 28,800 దెబ్బలు కొడుతుంది, హద్దు 30 ముందుకి, 10 వెనక్కి.

ఏది కొన్నా మొదటి పది రోజులు రాత్రి పడుకునేటప్పుడు ఒకసారి, లేవగానే ఒకసారి తేడా రాసుకోండి. నాది పగలు చేతి మీద తొమ్మిది సెకండ్లు ముందుకి పోతుంది, రాత్రి డయల్ పైకి పెడితే ఇంకో నాలుగు కలుపుకుంటుంది. కీ పైకి ఉండేలా నిలబెట్టి పడుకుంటే అదే రాత్రిలో ఐదు వెనక్కి వస్తుంది. రోజుకి పదమూడు పోవాల్సింది నాలుగుకి దిగింది, పైసా ఖర్చు లేకుండా. మంచం పక్క స్టూలు మీద రెండు పుస్తకాల మధ్య ఇరికించి నిలబెడుతున్నాను, ఫోను కవరుకి దూరంగా.