హ్యాండిల్ కోయడానికి ఆక్సా బ్లేడా, పైపు కట్టరా?

హన్మకొండ చౌరస్తాలో ఆటోల మధ్య నా సైకిల్ 780 మిల్లీమీటర్ల హ్యాండిల్ పట్టేది కాదు. ముందు బ్రేకులు, గ్రిప్పులు లోపలికి జరిపి వారం తొక్కి చూశాను. నచ్చాకే చెరో వైపు 30 మిల్లీమీటర్లు కోశాను: ఒక వైపు పైపు కట్టర్‌తో, ఇంకో వైపు ఆక్సా బ్లేడుతో.

కట్టర్ కోత తిన్నగా వస్తుంది. కానీ దాన్ని హ్యాండిల్ చుట్టూ తిప్పుతూ, చుట్టుచుట్టుకూ కొంచెమే బిగించాలి. నేను తొందరపడితే అంచు ఉబ్బి గ్రిప్ ఎక్కలేదు. లోపలి అంచు కూడా కత్తిలా మిగిలి వేలు కోసుకుంది. ఆకురాయితో చాలాసేపు రుద్దాను. కార్బన్ ఫైబర్ హ్యాండిల్‌కైతే కట్టర్ అసలు పెట్టకండి, పగుళ్లిస్తుంది.

బ్లేడు చవక, కార్బన్‌కూ పనికొస్తుంది. అప్పుడు తడిపి కోయాలి, మాస్కు తప్పనిసరి. అంగుళానికి 32 పళ్లది తీసుకుని, టేపు చుట్టి దాని అంచు వెంటే కోస్తే వంకర పోదు. నా ఓటు బ్లేడుకే.