బండి కింద వేలాడే స్టెప్నీ: ఏడేళ్లు వాడాక

నా బండిలో స్టెప్నీ డిక్కీలో ఉండదు, వెనక తలుపుకీ ఉండదు. వెనక యాక్సిల్ దాటాక ఛాసిస్ కింద, నేలను చూస్తూ వేలాడుతుంటుంది. బండి కొని ఏడేళ్లయింది, లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది. ఇన్నాళ్లలో ఆ టైరుతో నిజంగా అవసరం పడింది మూడుసార్లే. అవసరం లేకుండా దించి ఎక్కించింది మాత్రం ఎనిమిది తొమ్మిదిసార్లు ఉంటుంది. అదేం పిచ్చి అనుకునేవాళ్లకు మొదటిసారి ఏమైందో చెబుతాను.

ముందు ఏర్పాటు ఏమిటో చూద్దాం. వెనక బంపర్‌లో నంబర్ ప్లేటు దగ్గర చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది. అది పీకితే ఒక కన్నం. జాకీతో పాటు ఇచ్చిన మూడు ముక్కల రాడ్డును ఒకదానికొకటి తగిలించి ఆ కన్నంలోంచి పంపితే, లోపల గిలకలాంటి ఒక విన్చ్‌కి వెళ్లి కూర్చుంటుంది. ఇవతలి కొసకు వీల్ పానా తగిలించి ఎడమవైపు తిప్పుతూ పోతే ఉక్కు తీగ వదులవుతుంది, టైరు కిందికి దిగుతుంది. తీగ చివర ఒక ఇనప బిళ్ల రిమ్ము నడిమి రంధ్రాన్ని కిందనుంచి పట్టుకుని ఉంటుంది. టైరు నేలకు ఆనాక ఇంకొన్ని చుట్లు వదిలి, టైరును బయటికి లాగి, బిళ్లను వాల్చి రంధ్రంలోంచి పైకి తోసేస్తే విడివడుతుంది. కొత్త బండి, పొడి నేల, పగటి వెలుతురు ఉంటే పది నిమిషాలు కూడా పట్టదు.

నాకు ఆ మూడూ లేవు. బండికి అప్పటికి మూడో ఏడు. స్టెప్నీని ఒక్కసారి కూడా దించి చూసుకోలేదు. రాత్రిపూట, వాన వెలిసిన కాసేపటికి, వెనక ఎడమ టైరు మొత్తం కూర్చుండిపోయింది. బంపర్ మూత తీస్తే కన్నంలో మట్టి గట్టిపడి ఉంది. రాడ్డు లోపలికి పోతుంది కానీ విన్చ్‌కి పట్టు దొరకదు. తాగే నీళ్ల సీసా అందులో ఒంపి, స్క్రూడ్రైవర్‌తో కెలికి, మళ్లీ ఒంపి, చివరికి ఎలాగో పట్టించాను. తిప్పుతుంటే హాయిగా తిరుగుతోంది. అమ్మయ్య అనుకుని ఓ ఇరవై చుట్లు తిప్పాక వంగి చూస్తే తీగ కిందికి జారి వేలాడుతోంది, టైరు మాత్రం పైనే ఉంది! మూడేళ్ల బురద, తుప్పు కలిసి రిమ్మును పైనున్న బ్రాకెట్‌కి అతికించేశాయి.

అప్పుడు నేను చేసిన పని ఎవరూ చేయొద్దు. టార్చి పట్టుకుని బండి కిందికి పాకి, సరిగ్గా ఆ టైరు కింద వెల్లకిలా పడుకుని చేత్తో గుంజాను. నా బండి టైరు 265/65 ఆర్17, ఇనప రిమ్ముతో కలిపి దాదాపు 30 కిలోలు. తీగ వదులుగా ఉందంటే దాన్ని ఆపుతున్నది తుప్పు ఒక్కటే అన్నమాట. అది నా ఛాతీ మీద పడకపోవడం నా తెలివి కాదు.

పని చేసిన ఉపాయం వేరే. తీగను మళ్లీ పూర్తిగా బిగించి, టకటకమని చప్పుడు వచ్చేదాకా తిప్పి, మళ్లీ వదలడం. అలా నాలుగైదుసార్లు. మధ్యలో పక్కకు నిలబడి, పొడవాటి కర్రతో టైరు అంచును పొడవడం. ఐదోసారి ధబ్బుమని పడింది.

పడిందా, కష్టాలు అయిపోయాయనుకున్నాను. టైరు నేల మీద పడుకుని ఉంది, కానీ బంపర్ కిందనుంచి బయటికి రాదు. వెనక టైరులోనే గాలి లేదు కాబట్టి బండి వెనక భాగం కిందికి దిగిపోయి ఉంది. కొత్త బండి కొన్నవాళ్లు ఎవరూ ముందు ఊహించని ముడి ఇది. స్టెప్నీ బయటికి రావాలంటే బండి లేవాలి. మరి జాకీ ఎత్తి ఉన్న బండి కిందికి తల గానీ చెయ్యి గానీ పెట్టకూడదు. అందుకని ముందు రెండు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, జాకీతో పైకెత్తి, రాడ్డు కొసన ఉన్న కొక్కెంతో టైరును దూరంనుంచే ఈడ్చాను. ఆ రాడ్డుకు కొక్కెం ఎందుకు పెట్టారో నాకు ఆ రాత్రే అర్థమైంది.

అంతా అయ్యి టైరు బిగించి జాకీ దించితే, స్టెప్నీ సగం చప్పబడింది. మూడేళ్లుగా దానికి గాలి పట్టలేదు కదా. అటుగా వెళ్తున్న లారీ ఆగింది. డ్రైవర్ దిగి చూసి, "స్టెప్నీ ఉంటే సరిపోద్దా బాబూ, అందులో గాలుండొద్దూ?" అని, లారీ ఎయిర్ బ్రేకుల ట్యాంకు నుంచి పైపు వేసి గాలి పట్టాడు. లారీలో గాలి ఎప్పుడూ రెడీగా ఉంటుంది మరి. ఎక్కువ వద్దని చెప్పేలోపే టైరు రాయిలా అయింది, కొంచెం వదలాల్సి వచ్చింది.

ఆ మర్నాడే విన్చ్‌ని విప్పించి చూస్తే తీగలో కొన్ని పోగులు తెగి ఉన్నాయి. దాన్ని బాగుచేయడం కుదరదు, యూనిట్ మొత్తం మార్చాలి. నా బండికి రెండు బోల్టులు విప్పితే వచ్చేసింది. అయితే బోల్టులు విప్పడానికి పట్టిన టైమ్ మార్చడానికి పట్టిన టైమ్‌కి నాలుగింతలు.

అప్పటినుంచి ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, వానలు పోయాక ఒకసారి, స్టెప్నీ దించుతున్నాను. కన్నంలోకి పైపుతో నీళ్లు కొడతాను. తీగకు, బిళ్లకు పలచగా గ్రీజు. గాలి చూసి, మాన్యువల్‌లో చెప్పినదానికన్నా రెండు మూడు పాయింట్లు ఎక్కువే పట్టిస్తాను, తగ్గించుకోవడం రోడ్డు మీద కూడా సులువు కనుక. పనిలో పనిగా టైరు పక్కన అచ్చేసిన నాలుగంకెల కోడ్ చూస్తాను. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందని. కిలోమీటరు కూడా తిరగని టైరుకైనా వయసు వస్తుంది, రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. నా స్టెప్నీ నల్లగా కొత్తదానిలా మెరుస్తోంది కానీ, ఈ ఏడు దాన్ని మార్చేస్తున్నాను.

ఎక్కించేటప్పుడు జరిగే తప్పులు దించేటప్పటికన్నా ఎక్కువ. బిళ్ల రంధ్రంలో సరిగ్గా మధ్యన కూర్చోకపోతే టైరు వంకరగా ఎక్కుతుంది. గుంతల్లో లోపల ఎవరో తలుపు కొడుతున్నట్టు టక్ టక్‌మంటుంది. ఒకసారి సర్వీస్‌లో అలాగే ఎక్కించి పంపారు. సస్పెన్షన్ పోయిందేమో అని వారం రోజులు టెన్షన్ పడ్డాను. పూర్తిగా బిగిశాక విన్చ్ టకటకమంటుంది, ఆ చప్పుడు రెండు మూడుసార్లు వినాలి. ఆ తర్వాత పక్కనుంచి కాలితో గట్టిగా తోసి చూడాలి. కదిలితే మళ్లీ మొదటికి. ఇంకోటి, మెకానిక్ గాలి గన్ను తీసి బర్‌ర్‌మని తిప్పబోతే ఆపండి. ఈ విన్చ్ చేత్తో తిప్పడానికి చేసింది, గన్ను వేగానికి లోపలి పళ్లు అరిగిపోతాయి. చాలా బళ్ల మాన్యువల్స్‌లో ఈ హెచ్చరిక ఉంటుంది, ఎవరూ చదవరు.

పంక్చరైన టైరును రోడ్డు పక్కనే కిందికి ఎక్కించే ప్రయత్నం నేను మానేశాను. అల్లాయ్ రిమ్ము అయితే ముందు రిమ్ము నడిమి రంధ్రానికి ఉన్న మూత పీకాలి, లేకపోతే తీగ దూరదు. చీకట్లో ఆ మూత పారేసుకోవడం ఖాయం. టైరును ఒక పాత దుప్పటిలో చుట్టి డిక్కీలో పడేసి, ఖాళీ తీగను మాత్రం పైదాకా చుట్టేస్తాను. వేలాడుతూ వదిలేస్తే ఏ రాయికో కొమ్మకో తగులుకుంటుంది.

ఇంత చెప్పాక కూడా, ఈ ఏర్పాటు చెడ్డదని అనలేను. సామాను నిండా నింపుకుని వెళ్లినప్పుడు టైరు పంక్చరైతే, డిక్కీ అడుగున స్టెప్నీ ఉన్న బండివాడు మొత్తం సామాను రోడ్డు మీద దించాల్సిందే. మూడో వరుస సీట్లకు చోటు దొరికేది కూడా టైరు కిందికి పోవడం వల్లే. వెనక తలుపుకు తగిలిస్తే తీయడం సులువే, నడుము కూడా వంచక్కర్లేదు. కానీ తలుపు బరువెక్కుతుంది, వెనక అద్దంలో సగం టైరే కనిపిస్తుంది. వెనక ట్రక్కులా తెరిచి ఉండే పికప్‌కయితే అడుగున తప్ప వేరే చోటు పెద్దగా లేదు. ఒక్క దొంగల భయం ఉంది. తీగ కత్తిరిస్తే టైరు వాళ్లదే. తాళం ఉన్న మోడల్ అయితే కొంత నయం, ఆ తాళానికీ తుప్పు పట్టనివ్వకూడదు.

అన్నట్టు, స్టెప్నీ అనే మాట ఒక వీధి పేరు. బ్రిటన్‌లో వేల్స్ ప్రాంతపు లానెల్లీ అనే ఊళ్లో స్టెప్నీ స్ట్రీట్‌లో 1904లో డేవిస్ సోదరులు గాలి నింపిన అదనపు రిమ్ము ఒకటి తయారుచేసి అమ్మారు. దానికి ఆకులు ఉండవు, పాడైన చక్రం మీదే బిగించుకుని నడిపేవాళ్లు. పాడైన చక్రం విప్పే పనే లేదు. ఆ రాత్రి బురదలో కూర్చున్న నాకు ఈ సంగతి తెలిసి ఉంటే అసూయపడేవాణ్ణి.

ఈమధ్య మళ్లీ కొత్త బండి చూడ్డానికి షోరూమ్‌కి వెళ్లాను. సేల్స్ కుర్రాడు స్క్రీన్, సన్‌రూఫ్, కెమెరాలు అన్నీ చూపించాడు. స్టెప్నీ దించి చూపించు నాన్నా అన్నాను. ముందు నవ్వాడు, తర్వాత సీటు కింద, డిక్కీ మూలల్లో వెతికాడు, ఇంకొకణ్ణి పిలిచాడు. రాడ్డు దొరకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. దించడం మాత్రం నేనే చేశాను.