నల్లగొండలో కొన్న పాత క్వాడ్ 405

ప్రకాశం బజార్‌లో మైక్ సెట్లు, రేడియోలు రిపేరు చేసే చిన్న దుకాణంలో క్వాడ్ 405 పవర్ యాంప్ (స్పీకర్లను మోగించే యాంప్లిఫైయర్) కొన్నాను. 32 వేలు చెప్పి 28 వేలకు ఇచ్చారు. పెట్టిన పైసలకు మంచి సరుకే దొరికిందని నా నమ్మకం.

అంతకుముందు ఆన్‌లైన్‌లో కొందరితో మాట్లాడాను. ఒకాయన తళతళలాడే ముందు భాగం ఫొటోలే పంపాడు. లోపలి ఫొటో ఒక్కటి పెట్టమంటే కంపెనీ సీల్ తీయనన్నాడు. నలభై ఏళ్ల కిందటి యాంప్‌కు ఇంకా సీల్ ఉందంటే నేను నమ్మలేదు. ఇంకొకటి అమెరికా సరుకు, 120 వోల్టులది. దానికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ విడిగా కొనాలి. క్వాడ్ ఇంగ్లండ్‌ది, అక్కడి వోల్టేజీ మనలాంటిదే. అయినా ఏ దేశం తిరిగి వచ్చిందో తెలియదు కాబట్టి వెనక రాసి ఉన్న వోల్టేజీ చూసుకోవాలి.

ఇక్కడ పెద్దాయన మొదట అన్న మాటే నాకు నచ్చింది. "ముందు మూత ఇప్పి చూడుండ్రి సార్, పైసల ముచ్చట తర్వాత."

సిరీస్ బోర్డు తెచ్చి, హోల్డర్‌లో 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టి, దాని మీదుగా యాంప్‌కు కరెంటు ఇచ్చారు. బల్బు ఒక్కసారి భగ్గుమని, వెంటనే తగ్గుతూ వచ్చి, తీగ మాత్రమే ఎర్రగా కనిపించేంత మసకబారింది. కెపాసిటర్లు చార్జ్ అయ్యాయి, పెద్ద షార్ట్ ఏదీ లేదు అన్నట్టు. బల్బు అలాగే వెలుగుతూ ఉంటే మాత్రం నమస్కారం పెట్టి లేచి రావడమే. ఆ తర్వాత స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మీటర్ పెట్టారు. స్పీకర్‌లోకి పోకూడని డీసీ ఎడమ వైపు 9 మిల్లీవోల్టులు, కుడి వైపు 14. యాభై దాటితే అనుమానించాలి. ఈ మోడల్‌లో తేడా వస్తే స్పీకర్ లైన్ తెంపి కాపాడే రిలే (ఆటోమేటిక్ స్విచ్) లేదు, తేడా వస్తే డీసీ నేరుగా వూఫర్ కాయిల్ మీదికే పోతుంది. అందుకే ఈ ఒక్క పరీక్ష చేయకుండా 405 కొనకండి.

1975లో వచ్చిన డిజైన్ ఇది, ఛానెల్‌కు 100 వాట్లు. కరెంట్ డంపింగ్ అంటారు. చిన్న క్లాస్ ఏ (ఎప్పుడూ కరెంటు పారుతూ శుభ్రంగా పనిచేసే రకం) యాంప్ సౌండ్‌ను సరిదిద్దుతూ ఉంటే, పెద్ద ట్రాన్సిస్టర్లు బరువు మోస్తాయి. దీనివల్ల బయాస్ సెట్టింగ్, అంటే ట్రాన్సిస్టర్లలో ఊరికే పారే కరెంటును సరిచేసే అడ్జస్ట్‌మెంట్, అనేదే ఉండదు. పాత యాంప్ కొనేవాడికి ఇంతకన్నా వరం ఏముంటుంది, ఎవరో స్క్రూడ్రైవర్‌తో తిప్పి పాడు చేశారేమోనన్న టెన్షన్ లేదు. రెండు ఛానెళ్ల బోర్డులూ ఒకే రకం, ఒకటి పాడైతే రెండోదానితో పోల్చి రిపేరు చేయొచ్చు. ఫిల్టర్ కెపాసిటర్లు మార్చారని సోల్డర్ మెరుపు చూస్తేనే తెలిసింది.

సౌండ్ సంగతి: వీణలో మీటు తర్వాత మిగిలే నాదం చివరిదాకా వినిపిస్తోంది, తబలా బాయా గుండ్రంగా, బిగువుగా ఉంది. హమ్ (కరెంటు గుయ్ మనే చప్పుడు) లేదు.

ఇబ్బందులూ చెప్పాలి. ఇన్‌పుట్‌కు డిన్ సాకెట్ (పాతకాలపు గుండ్రటి, చాలా పిన్నుల సాకెట్) ఉంది, ఇప్పుడు మామూలుగా వాడే ఆర్‌సీఏ కేబుల్ సరిపోదు. డిన్ లీడు 400 తీసుకుని ఆయనే చేసిచ్చారు. అర వోల్టుకే ఫుల్ పవర్ ఇచ్చే యాంప్ కాబట్టి, ఇప్పటి డాక్‌లు (డిజిటల్ పాటను అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టెలు) ఇచ్చే 2 వోల్టులకు ప్రీయాంప్ (పవర్ యాంప్‌కు ముందు పెట్టే, వాల్యూమ్ ఉండే పెట్టె) నాబ్ కాస్త కదిలిస్తే చాలు ఇల్లంతా మోగింది. రాత్రిపూట మెల్లగా వినడం కష్టమైంది. మళ్లీ తీసుకెళ్తే లీడు ప్లగ్‌లో రెసిస్టర్లు వేసి సరిచేశారు, దానికి పైసలు తీసుకోలేదు. ఆన్ ఆఫ్ స్విచ్ లేదు, గోడ స్విచ్చే దిక్కు. బిల్లు కూడా ఇవ్వలేదు, ఆరు నెలల్లో ఏదైనా పాడైతే చూస్తానని చిట్టీ మీద రాసిచ్చారు.

మీ స్పీకర్లు 4 ఓమ్‌లవి అయితే ఈ యాంప్ జోలికి పోకండి, ఎక్కువ కరెంటు పోకుండా ఆపే కరెంట్ లిమిటింగ్ వల్ల గట్టిగా పెట్టినప్పుడు చేతులెత్తేస్తుంది. 8 ఓమ్‌ల స్పీకర్లు, ఒక ప్రీయాంప్ ఇంట్లో ఉంటే ఆ దుకాణానికి వెళ్లి చూడండి.