టెక్సాసా, న్యూజెర్సీయా? తుపాకీ చట్టాల్లో ఏది మేలు

అమెరికాలో న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి టెక్సాస్‌లోని ఫ్రిస్కోకో, డాలస్ నుంచి కాలిఫోర్నియాలోని శాన్ హోసేకో ఉద్యోగరీత్యా ఇల్లు మారుతున్న తెలుగువారు ఈ మధ్య పదే పదే అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: తుపాకీ ఉన్నవారికి ఏ రాష్ట్రపు చట్టం అనుకూలం? బంగారం కోసం భారతీయుల ఇళ్లను ఏరి మరీ కన్నం వేసే ముఠాల వార్తలు చదివినవారు ఇంకాస్త గట్టిగా అడుగుతున్నారు. ఇందుకు జవాబుగా సాధారణంగా కనిపించే పట్టికలు తుపాకీ కొనడం ఎక్కడ ఎంత సులువో చెబుతాయి. కొనడం ఒక్కసారి ముగిసే పని. కొన్న తరువాత దానిని ఏళ్ల తరబడి ఇంట్లో, కారులో, ప్రయాణాల్లో సంబాళించుకోవాలి. అందుచేత, దురుద్దేశం లేకుండా జరిగిన పొరపాటును ఆ రాష్ట్రం ఎంత పెద్ద నేరంగా చూస్తుందన్నదే నా దృష్టిలో అసలు కొలమానం. ఆ లెక్కన నా మొగ్గు టెక్సాస్ వైపే, అయితే ఒక షరతు మీద.

హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 వంటి వీసాల మీద ఉన్నవారికి అసలు ఈ పోలికతో పని లేదు. వలసేతర వీసాదారులు తుపాకీని గానీ తూటాలను గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ (కేంద్ర) చట్టమే నిషేధిస్తుంది కాబట్టి, దానిని సడలించే అధికారం ఏ రాష్ట్రానికీ లేదు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ చేతిలో ఉంటే మినహాయింపు దొరుకుతుంది. అది లేకుండా స్నేహితుడి వెంట షూటింగ్ రేంజికి వెళ్లి సరదాకి కాసేపు పిస్తోలు పట్టుకున్నా చట్టం దృష్టిలో అది కలిగి ఉండటమే. 2022 నాటి సవరణ తరువాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. ఇకపై చెప్పేదంతా గ్రీన్ కార్డుదారులకూ పౌరులకూ మాత్రమే వర్తిస్తుంది.

కొనుగోలు సంగతిలో రెండు రాష్ట్రాలకూ పొంతనే లేదు. టెక్సాస్‌లో దుకాణానికి వెళ్లి ఫెడరల్ 4473 ఫారం నింపి, నేరచరిత్ర తనిఖీ పూర్తయితే తుపాకీతో బయటికి రావచ్చు. రాష్ట్రం తరఫున పర్మిట్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు, నిరీక్షణ గడువు లేదు. న్యూజెర్సీలో ముందుగా స్థానిక పోలీసుల నుంచి కొనుగోలుదారు గుర్తింపు కార్డు తెచ్చుకోవాలి. అందుకు వేలిముద్రలు ఇవ్వాలి, మన గురించి చెప్పగల ఇద్దరి పేర్లు రాయాలి, మానసిక ఆరోగ్య రికార్డుల పరిశీలనకు సమ్మతి తెలపాలి. పిస్తోలు అయితే ప్రతి ఒక్కదానికీ విడిగా మరో పర్మిట్ కావాలి, అది కూడా 30 రోజులకు ఒకటికి మించి కొనడానికి వీల్లేదు. ఇదంతా విసుగు పుట్టించే వ్యవహారమే. అయినా ఓపిక ఉన్నవారికి ఇది దాటలేని అడ్డంకి కాదని, నేరచరిత్ర లేనివారికి ఆలస్యంగానైనా కార్డు చేతికి వస్తుందని ఒప్పుకోవాలి. కేవలం ఈ కారణానికి న్యూజెర్సీని తీసిపారేయడం నాకు సమ్మతం కాదు.

అసలు చిక్కు కొన్న తరువాతే మొదలవుతుంది. 2005లో యూటా నుంచి పెన్సిల్వేనియాకు బయలుదేరిన ఒక ప్రయాణికుడు, నిబంధనల ప్రకారమే తుపాకీని ఎయిర్‌లైన్స్‌కు చెప్పి, తాళం వేసిన పెట్టెలో పెట్టి సామానులో వేశాడు. నూఆర్క్‌లో మారవలసిన విమానం తప్పిపోవడంతో సామాను తీసుకుని ఆ రాత్రి హోటల్లో గడిపాడు. మర్నాడు ఉదయం కౌంటర్ దగ్గర తుపాకీ ఉందని తానే చెప్పగా, పోలీసులు వచ్చి అరెస్టు చేశారు. కేసు తరువాత కొట్టివేసినా అప్పటికే పది రోజులు జైల్లో ఉన్నాడు. ఒక రాష్ట్రం మీదుగా మరో రాష్ట్రానికి తుపాకీ తీసుకుపోయేవారికి 1986 నాటి ఫెడరల్ చట్టం రక్షణ ఇస్తున్నప్పటికీ, హోటల్లో పెట్టె అతని చేతికి అందుబాటులో ఉంది కాబట్టి ఆ రక్షణ వర్తించదని 2010లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. 2013లో ఫిలడెల్ఫియా మహిళ ఒకరు, తమ రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ పక్క రాష్ట్రంలోనూ చెల్లుతుందనుకుని, న్యూజెర్సీలో తన కారు ఆపిన పోలీసుకు తుపాకీ సంగతి తానే చెప్పారు. పర్మిట్ లేకుండా పిస్తోలు కలిగి ఉండటం అక్కడ రెండో తరగతి నేరం. గ్రేవ్స్ చట్టం కింద తప్పనిసరిగా మూడున్నరేళ్ల జైలు ఆమె ముందు నిలిచింది. 2015లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్ష పెట్టేదాకా ఆ కేసు ఆమెను వదల్లేదు. ఈ రెండు ఉదంతాల్లోనూ దాచిపెట్టినవారు ఎవరూ లేరని గమనించాలి.

ఇది పౌరుల సంగతి. గ్రీన్ కార్డుదారుల విషయంలో వలస చట్టం ఇంకా కఠినంగా ఉంది: తుపాకీ కొనుగోలుకు గానీ, కలిగి ఉండటానికి గానీ, వెంట తీసుకుపోవడానికి గానీ సంబంధించిన ఏ నేరంలో దోషిగా తేలినా అది దేశం నుంచి పంపివేయడానికి ఆధారం కాగలదు. కనుక మనవాళ్లు రాష్ట్రాన్ని తూచవలసింది రోజువారీ జీవితంలో ఎన్ని మామూలు పనులను అది ఆయుధ నేరాల జాబితాలోకి చేర్చిందన్న లెక్కతో. డాలస్‌లో చట్టబద్ధంగా కొన్న గ్లాక్ 19 పిస్తోలు తాలూకు 15 తూటాలు పట్టే మ్యాగజైన్‌తో న్యూజెర్సీకి ఇల్లు మారితే, 2018 నుంచి పది తూటాలకు మించి పట్టే మ్యాగజైన్ల మీద నిషేధం ఉన్నందున, సామాను విప్పక ముందే నేరం జరిగిపోయినట్టే. వీటిలో కొన్ని నిబంధనల మీద కోర్టుల్లో వ్యాజ్యాలు నడుస్తున్న మాట నిజమే గానీ, తీర్పు వచ్చేదాకా శిక్ష పడే ప్రమాదం మనదే.

టెక్సాస్‌లో చిక్కులు లేవని కాదు. 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టపరమైన అనర్హత లేనివారు లైసెన్స్ లేకుండానే పిస్తోలు వెంట ఉంచుకోవచ్చన్న మాట పట్టుకుని, లైసెన్స్ దండగ అనేవారు చాలామంది ఉన్నారు. నేను పైన చెప్పిన షరతు ఇక్కడే వస్తుంది: లైసెన్స్ తీసుకోవలసిందే. బడి ప్రాంగణానికి 1,000 అడుగుల లోపు బయటి స్థలాల్లో తుపాకీ ఉండకూడదన్న ఫెడరల్ చట్టం నుంచి, తాళం వేసిన పెట్టెలో ఖాళీ తుపాకీ ఉన్నవారితో పాటు, బడి ఉన్న రాష్ట్రపు లైసెన్స్ ఉన్నవారికి మినహాయింపు ఉంది. ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఏ బడి పక్కగానూ పోకుండా కిరాణా కొట్టుకు వెళ్లి రావడం ఎవరికైనా సాధ్యమా? నాలుగు నుంచి ఆరు గంటల తరగతి, కాల్పుల పరీక్ష, 40 డాలర్ల రుసుముతో ముగిసే ఈ లైసెన్స్‌ను ముప్పైకి పైగా రాష్ట్రాలు గుర్తిస్తాయి.

పైగా తుపాకీతో లోపలికి రావద్దని స్థల యజమానులు పెట్టే బోర్డుల భాష కూడా లైసెన్స్‌దారుకే అనుకూలం. లైసెన్స్ లేనివారిని మామూలు 30.05 బోర్డు ఆపుతుంది (ఈ అంకెలు టెక్సాస్ శిక్షాస్మృతిలోని సెక్షన్లవి). లైసెన్స్‌దారు కనపడకుండా పెట్టుకున్న పిస్తోలును ఆపాలంటే ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ, అంగుళానికి తగ్గని అక్షరాలతో, చట్టం నిర్దేశించిన వాక్యాలున్న 30.06 బోర్డు కావాలి. గుళ్లకూ ఇదే వర్తిస్తుంది. 2019 సవరణ తరువాత నిర్వాహకులు బోర్డు పెట్టడమో నోటితో చెప్పడమో చేస్తే తప్ప ప్రార్థనా స్థలం నిషిద్ధ ప్రాంతం కాదు. బోర్డు చూడకుండా లోపలికి వెళ్లిన లైసెన్స్‌దారుకు 200 డాలర్లకు మించని జరిమానా పడుతుంది, వెళ్లిపొమ్మని చెప్పినా కదలకపోతే నేరం తీవ్రత పెరుగుతుంది. ఈ వరుస నాకు న్యాయంగా తోస్తుంది. మద్యం మీదే సగానికి పైగా ఆదాయం వచ్చే చోట కనిపించే ఎర్రటి 51 శాతం బోర్డును మాత్రం తేలికగా తీసుకోకూడదు.

న్యూజెర్సీ పక్షాన ఒక బలమైన వాదన ఉంది: తుపాకీ మరణాల రేటు దేశంలోనే తక్కువగా ఉన్న రాష్ట్రాల్లో న్యూజెర్సీ ఒకటి, టెక్సాస్ ఆ వరుసలో లేదు. ఇంట్లో పిల్లలున్నవారు ఈ వాదనను తోసిపుచ్చడం కష్టం. తుపాకీ వెంట ఉంచుకునే హక్కుపై 2022 జూన్‌లో సుప్రీం కోర్టు ఇచ్చిన బ్రూయెన్ తీర్పు తరువాత న్యూజెర్సీలో సామాన్యులకూ క్యారీ పర్మిట్లు (తుపాకీ వెంట ఉంచుకునే అనుమతులు) దొరుకుతున్నాయి. 200 డాలర్ల రుసుము, రెండేళ్ల గడువు, తీసుకువెళ్లకూడని చోట్ల పొడవాటి జాబితా వాటితో పాటే వస్తాయి.

మిగతావాటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కాలిఫోర్నియా న్యూజెర్సీకి దగ్గరి చుట్టం: పది రోజుల నిరీక్షణ, ఆమోదిత పిస్తోళ్ల జాబితా, 2024 జులై నుంచి 11 శాతం అదనపు పన్ను. ఇతర రాష్ట్రాల లైసెన్స్‌ను ఈ రెండూ గుర్తించవు. లైసెన్స్ లేకుండా తుపాకీ వెంట ఉంచుకోనివ్వడంలో జార్జియా 2022 నుంచి, ఫ్లోరిడా 2023 నుంచి టెక్సాస్ దారిలోనే ఉన్నాయి, అయితే పార్క్‌లాండ్ బడిలో కాల్పుల తరువాత ఫ్లోరిడా కొనుగోలు వయసును 21కి పెంచింది. ఇల్లినాయిలో ఫోయిడ్ కార్డు (తుపాకీ యజమాని గుర్తింపు కార్డు) లేనిదే తూటా కూడా కొనలేరు. టెక్సాస్ నుంచి కాలిఫోర్నియాకు మారేవారు పది తూటాలకు మించి పట్టే మ్యాగజైన్లను బయలుదేరక ముందే అమ్మేసుకుని, చేరిన 60 రోజుల్లోగా తుపాకీ వివరాలను ఆ రాష్ట్ర న్యాయశాఖకు తెలియజేయాలి.