కాగితాలు లేని పాత హోండాకు టెక్సస్ బాండు టైటిల్: గడువు తీరాక నా సమీక్ష

కాగితాలు లేని బండికి పూచీ పత్రం, అంటే బాండు, తీసుకుని టెక్సస్ ఇచ్చే యజమాని హక్కు పత్రమే బాండు టైటిల్. అది ఎలా ఉందని ఎవరు అడిగినా నేను మొదట ఎత్తేది బాండు సంగతి కాదు, బండి మీద కొట్టిన నంబరు తనిఖీ సంగతి. డాలస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లలో చాలామంది దాన్ని కొనితెచ్చుకున్న తద్దినంలా చూస్తారు. పోలీసు అధికారి బండిని పరిశీలిస్తాడనగానే వెనకడుగు వేస్తారు. ఈ పద్ధతి మొత్తంలో నాకు ప్రాణం లేచివచ్చింది మాత్రం అక్కడే. ఆ మెట్టు లేకపోతే దీన్ని ఇంత మనస్ఫూర్తిగా మెచ్చుకునేవాణ్ణి కాదు.

బండి 1971 నాటి హోండా సీబీ350 మోటారుసైకిలు. దాని గుణగణాలు ఇది చదివేవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. తండ్రి పోయాక ఇల్లు ఖాళీ చేస్తున్న ఒకాయన దగ్గర కొన్నాను. ఇంజను తిరుగుతోంది, ట్యాంకు లోపల తుప్పు పెద్దగా లేదు, ధర అందుబాటులో ఉంది. లేనిదల్లా టైటిల్. తండ్రి పేరున ఎప్పటిదో పసుపుబారిన రిజిస్ట్రేషన్ రసీదు ఒకటి మాత్రం సీటు కింద ప్లాస్టిక్ సంచిలో దొరికింది.

మన ఆర్.సి.లో యజమాని హక్కు, రోడ్డు మీద తిరిగే అనుమతి రెండూ కలిసే ఉంటాయి. అమెరికాలో అవి వేరు. టైటిల్ పట్టాదారు పాసుపుస్తకమైతే రిజిస్ట్రేషన్ ఏటేటా కట్టే శిస్తు రసీదు. ఆ రసీదు ఎంత పాతదైనా పొలం మనదని రుజువు చేయదు. పైగా నేను అప్పటికి ఇంకా హెచ్1బి మీద ఉన్నాను. మా ఆఫీసులో ఒక పెద్దాయన సంగతి విని, "వద్దు నాయనా, రేపు అది దొంగబండి అని తేలితే నీ వీసా గతి ఏమిటి? నాలుగు డబ్బులు పోతే పోయాయి, వదిలెయ్" అన్నారు. ఆయన చెప్పినది పిరికితనం కాదు. గ్రీన్‌కార్డు కోసం వరుసలో నిలబడ్డవాడికి దొంగసొత్తు కేసు అంటే ఏమిటో ఇక్కడ బతికేవాళ్లకు తెలుసు.

అప్పట్లో అందరూ చెప్పే దగ్గరదారి వెర్మాంట్. పదిహేనేళ్లు దాటిన బండికి టైటిల్ అడగని రాష్ట్రం కాబట్టి అక్కడినుంచి తపాలాలో రిజిస్ట్రేషన్ తెప్పించుకునేవారు. 2023లో బయటి రాష్ట్రాలవాళ్లకు ఆ తలుపు దాదాపు మూసుకుపోయింది. తెరిచి ఉన్నప్పుడు కూడా నాకు ఆ దారి రుచించలేదు. ఎన్నడూ అడుగుపెట్టని రాష్ట్రం ఇచ్చిన కాగితం జేబులో పెట్టుకుని టెక్సస్ రోడ్ల మీద తిరగడానికి మనసొప్పలేదు.

బాండు దారి లెక్క తేలికైనదే. బండి నా చేతికి ఎలా వచ్చిందో ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టి, కొనుగోలు రసీదు జతచేసి, 15 డాలర్లు కట్టి రాష్ట్ర మోటారు వాహనాల శాఖ ప్రాంతీయ కార్యాలయంలో ఇవ్వాలి. అర్హత ఉందని తేలితే బాండు మొత్తం ఎంతో రాసి నోటీసు ఇస్తారు. అది బండి విలువకు ఒకటిన్నర రెట్లు. నా బండికి డీలరు కట్టిన విలువ తక్కువే, కానీ 25 ఏళ్లు దాటిన వాహనం విలువ నాలుగు వేల డాలర్లకు తగ్గితే నాలుగు వేలుగానే లెక్కిస్తారు. కాబట్టి నా బాండు ఆరు వేలు. ఆ అంకె చూసి బెదరనక్కరలేదు. పూచీ ఇచ్చే కంపెనీకి మన జేబులోంచి పోయేది రుసుము మాత్రమే, నాకు వంద డాలర్లు అయింది. బాండు చేతికి వచ్చిన 30 రోజుల్లోపు కౌంటీ పన్నుల కార్యాలయంలో దాఖలు చేయాలి. 6.25 శాతం అమ్మకపు పన్ను, టైటిల్ రుసుము అక్కడే కట్టించుకుంటారు.

ఇక తనిఖీ. నా బండికి రాష్ట్రం రికార్డుల్లో ఏ ఆనవాలూ దొరకలేదు కాబట్టి అది తప్పలేదు. వాహన చోరీలు చూసే విభాగంలో శిక్షణ పొందిన అధికారి బండిని కళ్లారా చూసి, నంబర్లు నమోదు చేసి, ఫారం మీద సంతకం పెట్టాలి. 1981 మోడల్ నుంచి అన్ని బండ్లకూ 17 అక్షరాల నంబరు ఉంటుంది, దాన్ని ఇంటర్నెట్‌లో కొట్టి చూసుకోవచ్చు. అంతకు ముందు బండ్ల పొట్టి నంబర్లను ఆ వెతుకులాట పేజీలు తీసుకోవు. అంటే నా బండి దొంగదో దొరదో తెలుసుకోవడానికి నాకు సొంతంగా మార్గమే లేదు. ఆ అధికారి కన్నే దిక్కు.

బండిని ట్రెయిలర్ మీద తీసుకువెళ్లాను. ఎండ మండిపోతోంది. ఆయన కాలుతున్న సిమెంటు నేల మీద మోకాళ్లు ఆనించి, టార్చి వేసి, హ్యాండిల్ తిరిగే చోట ఫ్రేము మెడను చూడడం మొదలుపెట్టాడు. ఎవరో ఎన్నడో పూసిన నల్లరంగు పొరలు పొరలుగా ఆ అంకెల గుంటల్లో పేరుకుపోయి ఉంది. ఒక అంకె మూడో ఎనిమిదో తేలడం లేదు. నేను ఉప్పుకాగితం తేబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. నంబరు దగ్గర గీరిన గుర్తు కనబడితే అదే అనుమానానికి మూలమవుతుందట. రంగు కరిగించే జెల్ కొద్దిగా రాసి, కాసేపు ఆగి, మెత్తటి గుడ్డతో అద్దాడు. నల్లరంగు ఉబ్బి లేచివచ్చింది. కింద లోహంలో కొట్టిన అంకెలు ఒక్కొక్కటే తేటపడ్డాయి. ఎనిమిది. అచ్చులు ఒకే లోతున, ఒకే వరుసలో ఉన్నాయని, చుట్టూ అరగదీసిన జాడ గానీ వెల్డింగు మచ్చ గానీ లేదని వేలితో తడిమి చూపించాడు.

అప్పుడు వచ్చింది అసలు గండం. సీటు కింద దొరికిన పాత రసీదులో ఉన్న నంబరుకూ ఫ్రేము మీద నంబరుకూ పొంతన లేదు. చివరి అంకెలు పూర్తిగా వేరు. నాకు కాళ్లు చల్లబడ్డాయి. ఫ్రేము ఒకరిది, కాగితం ఇంకొకరిది అని ఆయన అంటాడేమో, బండిని అక్కడే ఆపేస్తాడేమో అనిపించింది. ఆయన రసీదును వెలుతురుకు పట్టుకుని చూసి, మళ్లీ కిందికి వంగి, ఇంజను ఎడమవైపు అడుగున పేరుకున్న గ్రీజు తుడిచాడు. రసీదులో 350 తరువాత ఉన్న 'ఇ' అక్షరాన్ని నాకు చూపించాడు. ఈ హోండాలకు ఫ్రేము నంబరు సీబీ350 అని మొదలైతే ఇంజను నంబరు సీబీ350ఇ అని మొదలవుతుంది. వెనకటి రోజుల్లో మోటారుసైకిళ్లను చాలాచోట్ల ఇంజను నంబరుతోనే నమోదు చేసేవారట. రసీదులో ఉన్నది ఈ ఇంజను నంబరే. అంకె అంకె సరిపోయింది.

ఆ క్షణంలో నాకు కలిగిన ఊరట మాటల్లో చెప్పలేను. అంతవరకూ ఎందుకూ కొరగాదనుకున్న రసీదు ఈ ఇంజను బండి అమ్మినాయన తండ్రి పేరుననే ఉండేదని సాక్ష్యం చెప్పింది. రెండు నంబర్లనూ ఆయన చోరీల జాబితాలో వెతికాడు. ఏమీ రాలేదు. ఫారంలో ఫ్రేము నంబరు రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. పాత బండి కొనేవాళ్లందరికీ ఇలాంటి మనిషి ఒకసారి దొరకాలి. ఎన్ని వీడియోలు చూసినా తెలియని విషయం ఆయన మోకాళ్ల మీద కూర్చుని తేల్చాడు.

ఆ తరువాత అంతా నల్లేరు మీద నడకే. టైటిల్ వచ్చింది, నంబరు ప్లేటు వచ్చింది, బీమా కంపెనీ మారుమాట్లాడకుండా పాలసీ ఇచ్చింది. పాత బండ్లకిచ్చే ప్రత్యేక ప్లేటు చవకే గానీ దానితో ప్రదర్శనలకూ ఊరేగింపులకూ తప్ప తిరగకూడదు. నేను ఆఫీసుకు వెళ్లేది కూడా దీని మీదే కాబట్టి మామూలు ప్లేటే తీసుకున్నాను. ఏటా రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడంలో ఏ తకరారూ రాలేదు. 2025 నుంచి సొంత వాహనాలకు వార్షిక భద్రతా తనిఖీ కూడా ఎత్తేశారు, దాని బదులు చిన్న రుసుము కడితే చాలు. ఈ బండితో నాకున్న తలనొప్పులన్నీ కార్బురేటరులో చిరిగే రబ్బరు పొరలవే, కాగితాలవి కావు.

అయితే వాడుతూ వాడుతూ తెలిసినవి కొన్ని ఉన్నాయి. చోరీల జాబితాలో పేరు లేదంటే ఎన్నడూ దొంగిలించలేదని అర్థం కాదు. నంబరు ఉన్న వాహనం మీద ఫిర్యాదు దేశవ్యాప్త జాబితాలో నమోదైన ఏడాదీ ఆపైన నాలుగేళ్లూ నిలుస్తుంది. 1970లలో పోయిన బండి ఈనాటి వెతుకులాటలో బయటపడకపోవచ్చు. అధికారి ఇచ్చే హామీ అంతవరకే. మిగతా అనుమానానికే ఈ బాండు, దానికి మూడేళ్ల గడువు.

బాండు మనకు బీమా అని అనుకునేవాళ్లు ఉన్నారు. కాదు. అది బయటపడగల అసలు యజమానికి రక్షణ. అలాంటివారు ఎవరైనా వచ్చి నెగ్గితే పూచీ కంపెనీ వాళ్లకు చెల్లించి, ఆ డబ్బు మన దగ్గర వసూలు చేసుకుంటుంది. పూచీ కంపెనీ దరఖాస్తులో మనం పెట్టే సంతకం అందుకే. నేను ఆ మూడేళ్లూ బండి మీద పెద్ద ఖర్చులు పెట్టలేదు. క్రోమ్ పూత, సీటు పని అన్నీ గడువు తీరాకే చేయించాను.

టైటిల్ మీద బాండు అన్న ముద్ర ఉంటుంది. మధ్యలో ఒకసారి అమ్ముదామనుకుంటే, బేరం కుదిరాక ఆ మాట చూసి ఒకాయన వెనక్కి తగ్గారు. ఆయనను తప్పుపట్టలేను. వేరే రాష్ట్రంలో ఉంటారట, అక్కడ దీన్ని ఎలా చూస్తారోనని సందేహపడ్డారు.

నాకు టెక్సస్‌లో ఇల్లుంది, కదిలే ఆలోచన లేదు, బండిని అమ్మి లాభం చూసుకోవాలన్న తొందరా లేదు. అలాంటి వాడికి ఇది మేలైన దారి అని ధైర్యంగా చెబుతాను. ఉద్యోగం కోసం ఏడాదికో రాష్ట్రం మారేవాళ్లకు అంత ధైర్యంగా చెప్పలేను. వీసా మీద ఉన్నవాళ్లు మాత్రం బండికి డబ్బు చెల్లించకముందే అమ్మేవాళ్లను అడిగి ఫ్రేము నంబరు, ఇంజను నంబరు రెండూ ఫోటో తీసుకోండి. ఆ నంబర్ల దగ్గర గీరిన జాడ ఉంటే ధర ఎంత ఆశపెట్టినా ఆ బండి జోలికి పోకండి. ఇంట్లో మూలమూలలా వెతికి ఎంత పాత కాగితమైనా ఇమ్మని కూడా అడగండి.