4 ఎంఎం వెదురు సర్క్యులర్ సూది: విశాఖ ఉక్కలో, ఆఫీసు చిరాకులో మూడేళ్ల వాడకం

విశాఖలో చలెక్కడుందని ఊలు అల్లడం అంటారు చాలామంది. డిసెంబర్‌లో లంబసింగి వెళ్లేవాళ్లకి టోపీలు, ఏసీ కింద కూర్చునేవాళ్లకి మెడ స్కార్ఫులు, వంటింటికి కాటన్ తుడుపుగుడ్డలు: ఈ సూది మీద దిగినవి ఇవే. రెండు వెదురు మొనలు, వాటిని కలుపుతూ మెత్తగా వంగే 80 సెంటీమీటర్ల కేబుల్: సర్క్యులర్ సూది అంటే ఇదే.

విడివిడి పొడవు సూదులైతే పక్కవాళ్ల మోచేతికి తగులుతాయి. గాజువాక నుంచి రుషికొండ ఐటీ హిల్స్‌కి వెళ్లే క్యాబ్ ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఇరుక్కున్నప్పుడు ఇది ఒళ్లోనే ఇమిడిపోతుంది, జారినా సీటు కిందకి దొర్లిపోదు. అల్లిక బరువు కేబుల్ మోస్తుంది కాబట్టి, పొద్దంతా కీబోర్డు కొట్టిన మణికట్టుకి హాయి. కాటన్ దారంతో మాత్రం 20 నిమిషాలు దాటనివ్వకండి. దానికి సాగే గుణం లేదు, ప్రతి కుట్టునీ వేళ్లే లాగాలి.

చెమట చేతిలో లోహపు సూది జారుతుంది, సముద్రపు గాలికి పూత మచ్చలు కడుతుంది. వెదురుకి ఆ బాధ లేదు గానీ మే నెల ఉక్కకి తేమ పీల్చి కుట్లని కదలనివ్వదు. కొవ్వొత్తి మైనం పల్చగా రుద్ది పాత గుడ్డతో గట్టిగా తుడిస్తే మళ్లీ నడుస్తుంది. మొన దగ్గర పేడు లేస్తే 600 నంబరు ఉప్పు కాగితం చాలు. కొత్త కేబుల్ చుట్టలు చుట్టుకుంటూ విసిగిస్తుంది. కేబుల్ వరకే నిమిషం వేడినీళ్లలో ముంచి, తీసి సాగదీసి పట్టుకోండి. మొనలు తడవకూడదు.

ఇక అసలు సంగతి బిగి. బాస్ చేత నాలుగు మాటలు పడి వచ్చి సూది పట్టుకుంటే చెయ్యి బిగుస్తుంది, అది టేపు పెట్టి కొలవొచ్చు. డీకే మందం (మరీ సన్నమూ మరీ లావూ కాని) ఊలుతో ఈ సూది మీద మామూలుగా 10 సెంటీమీటర్లకి 22 కుట్లు పడతాయి. చిరాకులో అవే 24 అవుతాయి. రెండు కుట్లేగా అనిపిస్తుంది. పెద్దవాళ్ల టోపీకి 112 కుట్లు ఎక్కిస్తే మామూలు చేతికి చుట్టుకొలత దాదాపు 51 సెంటీమీటర్లు, 56 తలకి సాగి చక్కగా పడుతుంది. చిరాకు చేతికి 47కి దిగిపోయి నుదుటి మీద గీత పెడుతుంది. పైగా సగం టోపీ వదులు, సగం బిగువు అయితే కొత్తవాళ్లకి కూడా కనిపించిపోతుంది. అందుకే బ్యాగులో ఎప్పుడూ రెండు పనులుండాలి. మీటింగ్ బాగా జరిగిన రోజు టోపీ. అప్రైజల్ రోజు తుడుపుగుడ్డ: 40 కుట్లు, అన్ని వరుసలూ నిట్టే, అంటే మామూలు సూటి కుట్టే. అది ఎంత బిగిసినా గిన్నెలు అడగవు.

లంచ్‌లో అల్లుతుంటే "ఒక్క నిమిషం రా" అని పిలుపు వస్తుంది. సగం వరుసలో లేవకండి. తప్పదంటే కుట్లన్నీ కేబుల్ మీదకి తోసి, మొనలకి పెన్సిల్ రబ్బరు ముక్కలు గుచ్చండి. తిరిగొచ్చాక ఉండ వైపు దారం ఏ మొన నుంచి వేలాడుతోందో అది కుడిచేతిలో ఉండాలి. తిరగేసి పట్టుకుంటే వెనక్కి అల్లుకుపోయి అక్కడ చిల్లు పడుతుంది, అది నాలుగు వరుసల తర్వాత గాని కంటపడదు. పది వరుసలకోసారి కుట్లన్నిటి గుండా సన్నటి కుట్టుదారం ఒకటి దూర్చి ఉంచితే, విప్పాల్సి వచ్చినా అక్కడితో ఆగుతుంది.

టోపీని గుండ్రంగా కలిపేముందు అంచు మెలి తిరగలేదని చూసుకోండి. రెండో చుట్టులో తెలిస్తే విప్పడమే మార్గం. టోపీ చుట్టుకొలత కంటే కేబుల్ పొడవు కాబట్టి, మిగిలిన కేబుల్‌ని కుట్ల మధ్య నుంచి లూపుగా బయటికి లాగి అల్లాలి. 80 సరిపోతుంది, 100 అయితే సుఖం. 15 సెంటీమీటర్లయ్యాక 12 కుట్లు అల్లి రెండు కలపడం, చుట్టూ ఎనిమిది చోట్ల. తర్వాత మధ్యలో ఒక మామూలు చుట్టు వేస్తూ, కలిపే ముందు అల్లే కుట్లని 11, 10 అని ఒక్కొక్కటి తగ్గించుకుంటూ పోవాలి. 100 గ్రాముల ఉండలో ఇంకా దారం మిగులుతుంది కూడా. రెండు ఉండలు కావలసిన పనికి మాత్రం లేబుల్ మీద డై లాట్ నంబరు (ఒకేసారి రంగు వేసిన బ్యాచ్ గుర్తు) ఒకటేనా చూడండి, ట్యూబ్‌లైటు కింద తేడా తెలియదు.

మెచ్చనిది ఒక్కటే, మొనకీ కేబుల్‌కీ మధ్య అతుకు. రెండున్నరేళ్లకి వదులై సన్న దారాన్ని పట్టేసింది. సూపర్ గ్లూ ఒక చుక్క వేసి, రోజంతా ఆరనిచ్చి, అంచు నున్నగా రుద్దితే ఇంకో ఆర్నెల్లు లాగింది. ఈసారి మొనలు మార్చుకునే రకమే, 100 సెంటీమీటర్ల కేబుల్‌తో.