కోట చూడటం: గైడ్ వెంటా, మనంతట మనమా?

కోటలు చూడ్డానికి వెళ్లేవాళ్లు చాలామంది ఒకే లెక్క వేసుకుంటారు. గదులు, సింహాసనాలు, చిత్రపటాలు ఉన్న చోట గైడ్ కావాలి, ఉత్తి మొండిగోడలే మిగిలిన చోట గైడ్ దండగ అని. నేనైతే సరిగ్గా తిరగేసి చెబుతాను. మొండిగోడల దగ్గరే గైడ్ అవసరం ఎక్కువ.

వేల్స్‌లోని కాన్వీ కోటనే చూడండి. ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ 1283లో మొదలుపెట్టి నాలుగేళ్లలో కట్టించాడు. ఎనిమిది పెద్ద బురుజులు ఇప్పటికీ నిలిచే ఉన్నాయి గానీ, లోపల చాలాచోట్ల కప్పుల్లేవు, అంతస్తుల్లేవు. ఏమీ తెలియకుండా వెళితే నాలుగు ఫోటోలు తీసుకుని అరగంటలో బయటికొచ్చేస్తాం. తెలిసిన మనిషి పక్కనుంటే, గోడలో వరసగా ఉన్న గుంతలు చూపించి ఇక్కడే దూలాలు దిగేవి అంటారు. కాలు మోపే చోటు లేనంత ఎత్తున, గోడ మధ్యలో ఒక చలిమంట గూడు ఉంటుంది. అంటే అక్కడ ఒక గది ఉండేది, చలికి ఎవరో ఆ మంట ముందు కూర్చునేవారు! ఆ చూపు ఒకసారి అబ్బిందా, ఇక ఏ పాడుబడ్డ కోటకెళ్లినా లేని అంతస్తులు మనమే లెక్కపెట్టుకుంటాం.

జపాన్‌లోని హిమెజి కోట గోడల్లో గుండ్రంగా, త్రికోణంగా, నిలువు దీర్ఘచతురస్రంగా రంధ్రాలుంటాయి. అలంకారమేమో అనుకుని దాటిపోవచ్చు. నిలువువి బాణాలకు, మిగతావి తుపాకులకు అని ఎవరైనా చెబితేనే తెలుస్తుంది.

అలాగని గైడ్ చెప్పిందల్లా నమ్మనక్కర్లేదు. మెట్ల దారి కుడివైపు మెలితిరిగి ఉండేది, పైనుంచి పోరాడేవాడి కత్తిచేతికి వీలుగా ఉండాలనే అని చాలా కోటల్లో చెబుతారు. వినడానికి బాగుంటుంది. చరిత్రకారులు చాలామంది దీన్ని ఒప్పుకోరు.

ఒంటరిగా తిరగడంలో ఉన్న అసలు లాభం సమయం. గుంపుతో వెళితే మన మనసు ఎక్కడ ఆగిందో చూసేవాళ్లుండరు, తర్వాతి గదికి నడవాల్సిందే. పిల్లలతోనో, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతోనో వెళ్లినవాళ్లకు ఆ టెన్షన్ బాగా తెలుసు. ఇరుకు మెట్ల మీద వెనక ఇరవైమంది నిలబడితే ఊపిరాడదు. సామాన్లతో సహా నిలిచిన కోటల్లో ఈ తొందర ఇంకా బాధగా ఉంటుంది. కళ్లారా చూడాల్సినవి అక్కడే ఎక్కువ కదా. కానీ కొన్నిచోట్ల మనకు ఆ అవకాశమే ఉండదు. జర్మనీలోని నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట లోపలికి గైడెడ్ టూర్‌తోనే పంపుతారు, సుమారు అరగంట, ఫోటోలు తీయనివ్వరు. అదే దేశంలోని ఎల్ట్జ్ కోట లోపల కూడా గైడ్ వెంటే నడవాలి.

నాకు బాగా నచ్చిన ఏర్పాటు లండన్‌లోని పాత కోట, టవర్ ఆఫ్ లండన్‌ది. కనీసం 22 ఏళ్లు సాయుధ దళాల్లో పనిచేసిన యోమన్ వార్డర్లు, అంటే ఆ కోట కాపలాదారులే, తిప్పి చూపిస్తారు. టికెట్‌లోనే ఆ టూర్ కలిసి ఉంటుంది. అది ముగిశాక ఎంతసేపైనా మనంతట మనం తిరగొచ్చు. ఎక్కడైనా ఈ వరస కుదిరితే అదే పట్టుకోండి. ముందు గైడ్, తర్వాత ఒంటరిగా. ఆడియో గైడ్ పర్వాలేదు, కావలసిన చోట ఆపుకోవచ్చు, కానీ ప్రశ్న అడగలేం.

చేతిలో ఒక్క గంటే ఉంటే? కప్పు లేని కోటైతే గైడ్ వెంట వెళ్లండి. కప్పున్న కోటైతే, అనుమతి ఉంటే, మీరే వెళ్లి నచ్చిన రెండు గదుల్లో ఆగిపోండి.